హేమ్లా సార్ తిన్న బెల్లం

జనగామ బస్టాండు ఎదుటి హోటల్లో చక్కెర తక్కువ వేసిన చాయ్ తాగాలన్న నా కోరిక ఇంతవరకూ నెరవేరలేదు. తక్కువ వెయ్యమంటే యజమాని నొచ్చుకుంటాడు. ఆ నొచ్చుకోవడంలో పొరపాటున ఇంకో చెంచా పడుతుంది. అసలే వద్దంటే, ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందనుకొని జాలితో రెండు చెంచాలు వేస్తాడు. రెండేళ్లుగా మా ఇద్దరి మధ్య ఈ విషయమై చర్చలు సాగుతున్నాయి. రాష్ట్రం గురించి ఢిల్లీలో సాగుతున్న చర్చలకంటే ఇవి కొంత వేగంగానే నడుస్తున్నాయని నా అభిప్రాయం. పోయిన వారం సోమవారం పొద్దున అదే చర్చలో ఉండగా మా కాలేజీ అటెండరు ఫోను చేశాడు.

"సారూ, హేమ్లా సార్ పోయిండు."

"ఎక్కడికి?" అన్నాను.

ఆ ప్రశ్న అడిగినందుకు సిగ్గుపడుతున్నాను. అయితే తప్పు పూర్తిగా నాది కాదు. సార్ ఎప్పుడూ ఎక్కడికో ఒక చోటికి పోతూనే ఉండేవారు; పాలకుర్తికో, మహబూబాబాద్‌కో, భూపాలపల్లికో. భుజాన ఒక సంచీ, సంచీలో ఒక గొడుగు, ఒక నోటుబుక్కు. అటెండరు "ఎక్కడికీ కాదు సార్, సచ్చిపోయిండు" అన్నాడు. చాయ్ చల్లారింది. ఆ తర్వాత తాగాను కూడా. చక్కెర ఎంత ఉందో తెలియలేదు.

జాటోతు హేమ్లా నాయక్ గారు మా డిగ్రీ కళాశాలలో ఇరవై మూడేళ్లు జంతుశాస్త్రం బోధించారు. ఆ ఉదయం కాలేజీకి బయలుదేరుతూ ఒక బూటు తొడుక్కొని, రెండోది చేతిలో పట్టుకొని, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని అన్నారట. దవాఖానకు చేరేసరికి ఆ బూటు ఇంకా చేతిలోనే ఉందట, మనిషి లేరు. మానవుడు రెండు కాళ్ల మీద నిలబడటం జీవపరిణామ చరిత్రలో ఎంతటి సాహసమో తన్మయత్వంతో బోధించే ఆచార్యుడు ఒంటి బూటుతో నిష్క్రమించారు. వయసు యాభై నాలుగు. 'అకాల మరణం' అన్న మాటను నేను అనేక సంతాప సభలలో, తెలుగు అధ్యాపకుడిగా నాకున్న హక్కుతో, ధారాళంగా వాడాను. ఈసారి ఆ మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆయన రెండింటి కోసం ఎదురుచూస్తూ వెళ్లిపోయారు. ఒకటి రాష్ట్రం, రెండోది ఒక రిపోర్టు. మొదటిదాని కోసం కోట్లమందిమి కాచుకొని ఉన్నాం. ఒకసారి ఇస్తామని చెప్పి పక్షం రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఇస్తామంటున్నారు. ఈ వ్యాసం అచ్చయ్యేలోగా ఏమంటారో తెలియదు. రెండోదాని కోసం కాచుకున్నది మాత్రం ముగ్గురమే. సార్, నేను, ఆయన పుట్టిన తండాలో భూలి అనే ముసలామె. ముగ్గురిలో ఒకరు ముందుగా పోతారని మేమిద్దరం రెండేళ్లుగా భయపడుతూనే ఉన్నాం. పోవలసిన వరుస మాత్రం ఇది కాదు.

సంగతి ఇది. ఆధునిక మానవుల పుట్టుపూర్వోత్తరాలనూ, వారి భాషల ప్రస్థానాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలని హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ సంకల్పించింది. అందుకు వేర్వేరు సమూహాల నుంచి కొంత రక్తం కావాలి, కొన్ని మాటలు కావాలి. మా ప్రాంతంలో ఆ పని సార్‌కు అప్పగించారు. రక్తం తీసే పని ఆయన తన వంతుగా ఉంచుకొని, మాటలు సేకరించడానికి నన్ను పిలిచారు. "నువ్వు ఖాళీగనే ఉంటవు గదా పంతులూ" అన్నారు. వాస్తవాన్ని ఇంత సౌమ్యంగా చెప్పినవారు మా కళాశాలలో మరొకరు లేరు. నేను బ్రాహ్మణ్ణి కాను; తెలుగు చెబుతాను కాబట్టి ఆయనకు పంతులునే. చివరిదాకా అలాగే పిలిచారు.

పాలకుర్తి పోయే బస్సులో, ఒక చేత్తో పై కడ్డీ పట్టుకొని నిలబడి, సార్ నాకు మానవజాతి చరిత్ర ఆద్యంతం చెప్పారు. బస్సు ఆగిన ప్రతి స్టేజీలో కొన్ని వేల సంవత్సరాలు గడిచేవి. మనమందరం ఆఫ్రికా ఖండం నుంచి నడిచి వచ్చినవారి సంతానమట. ప్రతి మనిషి కణంలోనూ తల్లి నుంచి మాత్రమే వచ్చే ఒక దారం వంటిది ఉంటుందట. దాన్ని పట్టుకొని తల్లి, తల్లికి తల్లి, ఆమెకు తల్లి అంటూ వెనక్కి పోతే లోకంలోని వాళ్లందరం ఏనాటిదో ఒక తల్లి దగ్గర తేలుతామట.

"మరి భాష?" అన్నాను, నా శాఖ ప్రయోజనాలు కాపాడుకుందామని.

"మాట్లాడే తెలివి నెత్తుట్ల ఉంటది పంతులూ. ఏ భాష మాట్లాడుతమనేది ఇంట్ల ఉంటది. నెత్తురు ఒక తొవ్వల వస్తది, మాట ఇంకో తొవ్వల వస్తది. కొన్నిసార్లు రెండూ కలిసి నడుస్తయి, కొన్నిసార్లు మాట ఇల్లు మారుతది."

పక్క సీటులో కూరగాయల గంపతో కూర్చున్న ఒకామె ఇదంతా శ్రద్ధగా వింటోంది. "అయితే సారూ, మా అత్తకూ నాకూ ఒక్కతే తల్లా?" అంది.

"ఎనుకకు పోతే ఒక్కతే."

"ఎంత ఎనుకకు?"

"శానా ఎనుకకు అక్కా."

"గంత దూరం నేను పోను" అని గంప ఎత్తుకొని దిగిపోయింది. ఆమె దిగవలసిన స్టేజీ కూడా అదే. సార్ నోటుబుక్కు తీసి ఆమె మాటను రాసుకున్నారు. తర్వాత ఏటేటా కొత్త విద్యార్థులకు తొలి పాఠంలో మొదటి వాక్యంగా దాన్నే చెప్పేవారు.

లింగాల ఘనపూర్ నా సొంత మండలం. అక్కడ నేనొక నిర్వాకం చేశాను. రక్తమిచ్చినవారి పేరు, ఊరు, మాతృభాష ఫారంలో నింపడం నా బాధ్యత. అవి ఉద్యమం ఉవ్వెత్తున లేచిన రోజులు. సినిమాల్లో మన మాటను దొంగల నోటా తాగుబోతుల నోటా పెట్టి దశాబ్దాలు నవ్వించినవారి మీద కోపం కుతకుత ఉడుకుతున్న రోజులు. మాతృభాష ఏమిటని అడిగితే ఒక రైతు, "తెలంగాణ అని రాయి" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. రాశాను. వెనకున్నవాడు విని తనకూ అదే రాయమన్నాడు. సాయంత్రానికి ఇరవై రెండు ఫారాలలో మాతృభాష తెలంగాణ.

సార్ ఫారాలన్నీ ఒక్కొక్కటే చూసి కట్ట కట్టారు. "పంతులూ, కోపం మనది. ఫారంల గడి సైన్సుది. కోపాన్ని తీసుకపోయి గడిల పెడితే రెండూ ఖరాబైతయి" అన్నారు. మర్నాడు ఇరవై రెండు ఇళ్లూ మళ్లీ తిరిగాం. మొదటి రైతు కండువా దులుపుకుంటూ, "అయితే మాదీ తెలుగే, ఆళ్లదీ తెలుగేనా? మరి కొట్లాట ఎందుకు?" అని నిలదీశాడు. "కొట్లాట నీళ్లకు, కొలువులకు. భాషకు ఏం గాలే, అది మంచిగనే ఉన్నది" అన్నారు సార్. అప్పటికే అధ్యాపకుల దీక్షా శిబిరంలో ఆయన నాలుగుసార్లు నిరాహారంగా కూర్చొని ఉన్నారు. ఆ కొట్లాటలో మాకందరికంటే ముందున్న మనిషి ఆయనే.

భూపాలపల్లి అవతల, బొగ్గు లారీల దుమ్ము పలచబడే చోట ఒక కోయగూడెం ఉంది. అక్కడి పెద్దమనిషి మా డబ్బా, సూదులు, ఫారాలు అన్నీ ఓపికగా చూసి, "మా నెత్తురు దోమలకే సాలుత లేదు సారూ" అన్నాడు. నేను బతిమాలబోయాను. సార్ నా చెయ్యి పట్టుకొని ఆపారు. "వద్దన్న మనిషిని రెండోసారి అడగొద్దు. ఇది ఓటు గాదు." ఇద్దరం వాళ్లిచ్చిన నీళ్లు తాగాం. కోయలో నీళ్లను 'ఏరు' అంటారని ఆ పూటే విన్నాను. లంబాడిలో పాణి, మా ఇంట్లో నీళ్లు, ఇక్కడ ఏరు. ఆ రోజు సంస్థకు ఒక్క చుక్క రక్తం దొరకలేదు. నాకు నూరు మాటలు దొరికాయి. తిరిగొచ్చేటప్పుడు సార్ చాలా ఉల్లాసంగా ఉన్నారు. ఎందుకని అడిగితే, "మనల్ని కాదనగలిగినోళ్లు ఉన్నరు పంతులూ, అది మంచి సంగతి" అన్నారు.

ఇక తండా. మహబూబాబాద్ నుంచి ఆటోలో కొంత, నడకలో కొంత. ఇంటి భాష లంబాడి, బజారుకొచ్చేసరికి తెలుగు. తమ తండావాడే సూదులతో వచ్చాడని అందరూ వరుస కట్టారు. ఆ వరుసలో భూలి ఉంది. సార్‌కు వరుసకు పెద్దమ్మ. సార్ ఆమెను 'యాడీ' అని, అంటే అమ్మా అని పిలిచేవారు. ఎనభై దాటి ఉంటాయి. మోచేతి దాకా గాజులున్న చెయ్యి చాపినట్టే చాపి, సూది దగ్గరికి రాగానే వెనక్కి తీసుకుంది. సార్‌తో చాలాసేపు తన భాషలో మాట్లాడింది. తర్వాత, బయటివాణ్ని నన్ను కూడా సాక్షిగా ఉంచుకోవాలనుకుందేమో, తెలుగులో మళ్లీ చెప్పింది.

"మా అమ్మమ్మ పాలు తాగే పోరిగున్నప్పుడు, కరువుల ఏడనో తొవ్వ పక్కన పడి ఉంటే, మావోళ్లు ఎడ్ల మీద ఏసుకొని తెచ్చిండ్రంట. ఎవలి బిడ్డనో తెల్వది. నేను గీ తండలనే పుట్టిన, గీ తండలనే ముసల్దాన్నైన. పంచాయితైతే సాలు, 'నీ తల్లి తెరువు మాది గాదు' అంటరు. నా బిడ్డ పెండ్లిల అన్నరు, మనుమరాలి పెండ్లిల గూడ అన్నరు. గీ నెత్తురు చెప్తదా, మా అమ్మమ్మ ఎవలో?"

మేము ఇంటింటా చదివి వినిపించవలసిన అంగీకార పత్రం ఇంగ్లీషులో ఉంది. అందులో ఏడో షరతు: ఎవరి ఫలితాలు వారికి విడివిడిగా తెలియజేయబడవు. దాన్ని లంబాడిలో చెప్పడం సార్ పని. ఆరో షరతు దాకా చెప్పారు. ఏడో దాని దగ్గర ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రక్తం ఒక్క మనిషిని పేరు పెట్టి చూపించలేదని, తల్లి దారం ఏ దిక్కు నుంచి వచ్చిందో మహా అయితే స్థూలంగా చెబుతుందని, ఇక్కడి వాళ్ల దారాలన్నీ ఏనాడో కలగలిసి పోయాయని ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఇవన్నీ చెబుతారనుకున్నాను.

"ఎంత చెప్తదో అంత చెప్తది యాడీ. చెప్పినంత నేనొచ్చి నీకు చెప్త" అన్నారు.

భూలి లోపలికి పోయి కంచంలో బెల్లం తెచ్చింది. సార్ ఒక ముక్క తీసుకొని, దానివంక కాసేపు చూసి, నోట్లో వేసుకున్నారు. రక్తమిచ్చినవారికి మేము బిస్కెట్లు ఇస్తున్నాం కదా, ఇది వారి తరఫు మర్యాద కాబోలని నేనూ ఒకటి తిన్నాను. కొత్త బెల్లం, చాలా బాగుంది. ఇంకొకటి తిన్నాను. అప్పుడు ఆమె చెయ్యి చాపింది.

రోడ్డు దాకా నడిచి వస్తుంటే సార్ అడిగారు. "రెండు తిన్నవా?"

"బాగుంది సార్."

"మా దగ్గర సంబంధం ఖాయమైతే, పంచాయితి తెగితే, మాట ఇచ్చి బెల్లం తింటరు. తిన్నోడు మాట తప్పొద్దు."

"ముందే చెప్పొచ్చు కదా సార్!"

"నువ్వు అడిగితివా? గబగబ తింటివి."

"మరి మీరు తెలిసే తిన్నారు కదా?"

ఆయన సంచీలోంచి గొడుగు తీసి విప్పారు. వాన లేదు.

సార్ ఆ సాయంత్రమే జనగామ వెళ్లిపోయారు; మర్నాడు అక్కడ రైల్‌రోకో. పిలుపునిచ్చిన వారిలో ఆయన ఒకరు. నేనూ సంస్థ పంపిన టెక్నీషియనూ మిగతా రక్తం సేకరించి, ఐసు డబ్బాతో పొద్దున బండెక్కాలని ఏర్పాటు. రోకో మధ్యాహ్నం, మా బండి దానికి గంట ముందే జనగామ దాటిపోతుందని సార్ లెక్క. అయితే ఆ రోజు బండి ఆలస్యంగా వచ్చింది, ఉద్యమం తొందరగా వచ్చింది. రఘునాథపల్లిలో నిలిచిపోయాం. సార్ ఆపిన రైల్లో సార్ సేకరించిన రక్తమే చిక్కుబడింది. డబ్బా కింద నుంచి నీళ్లు కారుతుంటే టెక్నీషియన్ నన్ను చూస్తున్నాడు, ఈ ప్రాంతమంతా నేనే ఆపినట్టు.

నేను ఫోను చేసిన గంటలోపే సార్ స్కూటరు మీద వచ్చారు. మెడలో నినాదాల అట్ట ఇంకా వేలాడుతోంది. కాళ్ల దగ్గర గోనెసంచిలో చేపలమ్మే వాళ్ల దగ్గర తెచ్చిన ఐసు. ఐసు మార్చి, టెక్నీషియన్‌ను బండిలోనే రమ్మని, డబ్బా నా చేతుల్లో పెట్టి, "ఎక్కు" అన్నారు. పెద్ద రోడ్డు మీద ప్రతి పది మైళ్లకూ ఒక అడ్డంకి, అడ్డంకి దగ్గర వంటా వార్పూ. ఒకచోట నలుగురు మనుషులు స్కూటరు ఆపారు.

"ఏమున్నది డబ్బల?"

"నెత్తురు" అన్నారు సార్.

వాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. "ఎవలిది? మనోళ్లదేనా?"

"గదే తెలుసుకునేటందుకు పోతున్నం."

దారి ఇచ్చారు, అయితే ఉత్తిగా ఇవ్వలేదు, పులిహోర తిని పోవలసిందేనన్నారు. సార్ నిలబడే తిన్నారు. ఒక కన్ను విస్తరి మీద, ఒక కన్ను డబ్బా కింద చుక్కల మీద. ఉద్యమానికి ఇరవై ఏళ్లు ఇచ్చిన మనిషి ముఖంలో ఆ పూట మాత్రం ఉద్యమం ఒక అరగంట ఆగితే బాగుండునన్న భావం చూశాను. చీకటి పడకముందే హైదరాబాదులో సంస్థకు చేరాం. అక్కడి గుమస్తా డబ్బా మూత తీసి, ముక్కు మూసుకొని, అది మనుషుల రక్తమేనని మాతో రాయించుకున్నాడు.

ఆ తర్వాత నిరీక్షణ. సార్ లోపల ఏదో గుబులు అప్పుడే మొదలైంది. ఒకనాడు దీక్షా శిబిరంలో తోటి అధ్యాపకుడొకాయన సరదాకే అన్నాడు. "నాయక్ సాబ్, మీరు రాజస్థాన్ దిక్కు నుంచి వచ్చిండ్రంట గదా. ఇంతకూ మీరు లోకలా, నాన్‌లోకలా?"

"అందరం వచ్చినోళ్లమే సాబ్. మీరు జర ముందు నడుచుకుంట వచ్చిండ్రు, మేం ఎనుక ఎడ్లను తోలుకుంట వచ్చినం. ఎడ్లు మెల్లగ నడుస్తయి" అన్నారు సార్. డేరా అంతా ఘొల్లుమంది. అన్నవాడే అందరికంటే ఎక్కువ నవ్వాడు. కాని సాయంత్రం నాతో నడుస్తూ, "గీ మాటనే గదా భూలి యాడిని ఎనభై ఏండ్ల సంది అంటున్నది? మా తండ ఆమెను అన్నది, గీ డేరా నన్నన్నది. రేపు రిపోర్టు వస్తే, అది ఎవల చేతుల వడుతదో, దాంతోని ఎవల్ని తరుముతరో?" అన్నారు. రిపోర్టు రాదేమోనని ఒక భయం, వస్తుందేమోనని ఒక భయం. రెండింటినీ ఒకే సంచీలో వేసుకొని తిరిగారు.

తండా నుంచి ఎవరు జనగామ వచ్చినా ఆయన మొదటి ప్రశ్న, "భూలి యాడి మంచిగున్నదా?" ఆమెకు జ్వరమంటే పాఠం మధ్యలో ఆపి బస్సెక్కేవారు. "ముసల్దాని కంటె ముందు రిపోర్టు రావాలె పంతులూ" అని నాతో ఎన్నిసార్లన్నారో. ఆయన వెంట పోయినప్పుడల్లా ఆమె నన్నూ వదిలిపెట్టేది కాదు. ఈ మధ్యలో నాకు షుగర్ బయటపడిందని ఎవరో చెప్పారు. "నీ నెత్తురు ఎన్నొద్దులకు చెప్పింది?" అని అడిగింది. గంటలో చెప్పింది యాడీ అన్నాను. "నీ నెత్తురుకు నోరున్నది, నా నెత్తురు మూగదా?" అంది.

ఆయన పోయిన నాలుగో రోజు ప్రయోగశాలలో ఆయన బల్ల సొరుగు ఖాళీ చేయమన్నారు. కప్పలను కోసే పళ్లెం అడుగున సంస్థ వారి ఉత్తరం ఉంది. మర్యాదగా రాశారు. ఏడో షరతు ప్రకారం వ్యక్తిగత ఫలితాలు ఇవ్వడం సాధ్యం కాదు. రక్తదాతలకు సంస్థ కృతజ్ఞతలు తెలుపగలరు. తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది. ఈ ఎనిమిది నెలల్లో సార్ తండాకు మూడుసార్లు పోయారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. "ఇంక రాలే యాడీ" అని ఆమె చెయ్యి పట్టుకొని చెప్పడం విన్నాను.

ఇది అచ్చులో చెప్పవచ్చునా అని మూడు రోజులు మథనపడ్డాను. గడిలో ఉన్నది ఉన్నట్టే రాయాలని నాకు నేర్పినవారే ఆయన గనుక రాస్తున్నాను. ఉత్తరం వెనక పెన్సిలుతో ఆయన దస్తూరి. 'యాడీ, నీ అమ్మమ్మ' అని మొదలుపెట్టి కొట్టేశారు. 'యాడీ, సైన్సు ఏమంటదంటే' అని రాసి కొట్టేశారు. మూడోది కొట్టెయ్యలేదు. 'యాడీ, ఆళ్లు చెప్పరంట. నేను చెప్త.' ఆ కింద కాగితమంతా ఖాళీ.

సంతాప సభలో 'తీరని లోటు' అని తీర్మానించాం. వారం తిరక్కుండా గెస్టు లెక్చరరు వచ్చాడు. మంచివాడు, వేళకు వస్తాడు, సిలబస్ పూర్తి చేస్తాడు. అయితే బస్సులో కడ్డీ పట్టుకొని కూరగాయల గంపకు కూడా ఆదిమ మాతృమూర్తిని పరిచయం చేయగల ప్రజ్ఞకు ఏ నోటిఫికేషనూ పడదు. మూడు భాషల్లో దాహం తీర్చుకొని, మూడింటికీ సమానంగా కృతజ్ఞుడై ఉండగల వినయానికి రోస్టరు లేదు. రాష్ట్రం వస్తే మొదటి రోజు ఆయనతో కలిసి ఆ హోటల్లోనే చాయ్ తాగాలనుకున్నాను, చక్కెర ఎంత వేసినా సరే. ఆ మహామనీషికి, అడిగిన ప్రశ్నకు జవాబు బాకీపడటమే అసలైన బంధుత్వమని నమ్మిన మా హేమ్లా సార్‌కు, కన్నీటితోనూ కొంత కంగారుతోనూ అంజలి ఘటిస్తున్నాను.

కంగారు ఎందుకంటే, నిన్న తండాలో ఆయన దినాలు. ఉత్తరం జేబులో పెట్టుకొని పోయాను. చూపించడానికో దాచడానికో నాకే తెలియదు. ఎవరికీ కనబడకుండా పందిరి చివర కూర్చొని అన్నం తిన్నాను. అయినా కర్ర పొడుచుకుంటూ భూలి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"బువ్వ తిన్నవా పంతులూ?"

"తిన్న యాడీ."

"షుగర్ గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

ఆమె నా ఎదుట నేల మీద కూర్చుంది. పంచాయితీలలో ఆమెను ఆ మాట అనేవాళ్లంతా చుట్టూ ఉన్నారు. వాళ్లు మాటలు ఆపి ఇటు చూశారు. నా చెయ్యి జేబు మీదికి పోయింది.

"హేమ్లా ఒక్క ముక్క తిన్నడు, చెప్పకుంటనే పోయిండు" అంది ఆమె. "నువ్వు రెండు తిన్నవు. ఇగ చెప్పు."